పిల్లి పొట్ట నిమిరి నాలుగుసార్లు సూదులు వేయించుకున్న నా అనుభవం

నిన్ననే రేబిస్ టీకా నాలుగో డోసు అయింది. రెండు భుజాల మీదా సూది పడిన చోట ఇంకా దురదగానే ఉంది, ఆ చిరాకులోనే రాసేస్తున్నా, నాలుగు రోజులు పోతే ఇదంతా నాకే సరదాగా అనిపించి మర్చిపోతాను.

మాది కాకినాడ. పుట్టింట్లో ఎప్పుడూ కుక్కలే, పిల్లి మొహం ఎరగను. వానల్లో మా మెట్ల కింద బూడిద రంగు ఆడపిల్లి ఒకటి చేరింది, బూడిదమ్మ అని పేరు పెట్టాం. తిండి అలవాటు చెయ్యడం పెద్ద పనేం కాలేదు, పాలు పోస్తే విరేచనాలు పట్టుకున్నాయని మానేసి ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్కలు పెట్టాను, వారంలో గుమ్మం ఎక్కేసింది. ఉల్లీ వెల్లుల్లీ పిల్లులకి విషం, మన కూరలో ముక్క తీసి పడేసేవాళ్ళు కాస్త చూసుకోండి.

తిప్పలన్నీ దువ్వడం దగ్గరే. నేనేమో కుక్కని పిలిచినట్టు దా దా అంటూ పైనుంచి చెయ్యి తెచ్చి నెత్తిన రెండు తట్లు తట్టేదాన్ని, అది నడుం నేలకి ఆనించి నా చేతి కిందనుంచి జారిపోయేది. ఇంత తిండి పెడుతుంటే ఎంత పొగరో చూడండి అని మా ఆయనతో అనేదాన్ని. ఎత్తుకుంటే మెలికలు తిరిగేది. దొరికిన రోజున నెత్తి నుంచి తోక చివరిదాకా బరబరా నిమిరేసేదాన్ని, తోక మొదట్లో చెయ్యి పడగానే చటుక్కున వెనక్కి తిరిగి చూసేది, అయినా నాకు అర్థం కాలేదు. ముందు ఆ రీల్స్ వాళ్ళని అనాలి. పిల్లిని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద మొహం పెట్టి ఊదుతుంటారు, అదేమో కళ్ళు పెద్దవి చేసి బిక్కచచ్చి చూస్తుంటుంది, కింద లక్ష లైకులు. మనలాంటి అమాయకులు అదే నిజం అనుకుంటారు.

ఆ రోజు పొద్దున్న బూడిదమ్మ వరండా ఎండలో వెల్లకిలా దొర్లింది. తెల్లటి పొట్ట, మెత్తగా, పిండిముద్దలా. నేను ఆగలేకపోయాను. చెయ్యి పెట్టిన నాలుగైదు క్షణాలు ఏమీ అనలేదు. అనలేదు అనుకున్నాను గానీ పాపం అన్నీ చెప్పింది. తోక కొస నేలకేసి టపటపా కొడుతోంది, కుక్క తోక ఊపినట్టే సంతోషం కాబోలు అనుకున్నా. చెవులు పక్కకి తిరిగి వెనక్కి వాలాయి. వీపు మీద చర్మం ఈగ వాలిన ఆవు చర్మంలా జలదరించింది. అప్పటిదాకా వస్తున్న గుర్రుగుర్రు ఆగిపోయింది. ఇంకొక్కసారి నిమిరాను, అంతే, ముందుకాళ్ళతో నా చెయ్యి వాటేసుకుని వెనక్కాళ్ళతో బరికేసింది. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా మూడు గీతలు ఎర్రగా తేలాయి, రక్తం మాత్రం చుక్క రాలేదు.

అత్తయ్య పరుగెత్తుకొచ్చి పసుపు అద్దేసి, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు తప్పవమ్మాయ్ అని భయపెట్టారు. మా ఆయన ఆ పసుపంతా కడిగించి కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు ఫోన్లో టైమ్ పెట్టి మరీ కడిగించారు. ఇది మాత్రం కచ్చితంగా చెయ్యండి, గీత చిన్నదైనా సరే.

తర్వాత పెద్దాసుపత్రి. ఏ ఆసుపత్రో చెప్పను, మళ్ళీ వెళ్ళాల్సి రావచ్చు. లైన్లో ఇరవై మంది దాకా ఉన్నారు, అందరూ కుక్క బాధితులే. ఒకాయన పిక్కకి కట్టుతో కుంటుతున్నారు, ఒకామె చీర కుచ్చిళ్ళు చిరిగిపోయి ఉన్నాయి. ఓపీ చీటీ రాసే ఆయన తలెత్తకుండా కుక్క కాటు అని రాసేస్తున్నాడు. నేను మెల్లిగా, పిల్లి అండీ అన్నాను. అప్పుడు తలెత్తాడు.

"పిల్లా? కరిచిందా, గీరిందా?"

"గీరిందండీ."

"ఊరికే గీరదు కదమ్మా, ఏం చేశారేంటి దాన్ని?"

ఆ గొంతు హాలు చివరిదాకా వినపడేదే. అబద్ధం చెప్పినా బాగుండేది, కంగారులో నిజం వచ్చేసింది, పొట్ట నిమిరానండీ అన్నాను. వెనకాల లైనంతా ఒక్కసారి గొల్లుమంది. పిక్కకి కట్టున్నాయన కూడా నొప్పి మర్చిపోయి నవ్వాడు. చీటీ ఆయన అంతటితో ఊరుకోవచ్చు కదా, లోపలికి కేకేశాడు, సిస్టర్, పిల్లి పొట్ట నిమిరిన మేడం గారు వస్తున్నారు అని. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిని, ఆ లైన్లో నా స్టూడెంట్ వాళ్ళ నాన్న కూడా ఉన్నాడని తర్వాత తెలిసింది. చెయ్యి మంట కంటే మొహం మంటే ఎక్కువైపోయింది. కౌంటర్లో కూర్చునేవాళ్ళకి ఒక్కటే చెప్తున్నా, మీకు అది రోజూ చూసే చీటీయే, ఎదురుగా ఉన్న మనిషికి మాత్రం కాదు.

బెంచీ మీద నా పక్కన ఎనిమిదేళ్ళ కుర్రాడు, వాడిది వీధి కుక్కపిల్లలతో ఆడబోతే తల్లికుక్క పట్టిన కేసు. వాడు నవ్వలేదు. నా చెయ్యి పరీక్షగా చూసి, "పొట్ట చూపించినా ముట్టుకోకూడదు ఆంటీ, మా ఇంట్లో మూడున్నాయి" అన్నాడు. మరేం చెయ్యాల్రా అంటే, చూపుడువేలు కొంచెం వంచి దాని ముక్కు ఎత్తులో దూరంగా పెట్టాలట, కదపకూడదట, అదే వచ్చి వాసన చూసి బుగ్గ రాస్తే అప్పుడు ఆ బుగ్గ దగ్గరే గోకాలట, రాయకపోతే చెయ్యి తీసేసి ఊరుకోవాలట. నాకు పీహెచ్‌డీ ఉంది, వాడు మూడో క్లాసు.

సిస్టర్ మంచావిడ. బొడ్డు సూదుల కాలం ఎప్పుడో పోయిందమ్మా అని రెండు భుజాలకీ చర్మంలో చిన్నగా వేశారు, అదే రోజు ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకి. రక్తం వచ్చుంటే గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ కూడా పడేదట. మధ్యలో ఒక్కటీ మానకండి. నేను వెళ్ళిన ప్రతిసారీ చీటీ ఆయన పిల్లి మేడం వచ్చారనేవాడు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి కోపంతో రెండు రోజులు బూడిదమ్మ వంక చూడలేదు. అప్పుడు కనిపెట్టాను అత్తయ్య సంగతి. ఆవిడకి పిల్లంటే గిట్టదు, ఎదురొస్తే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని మరీ బయల్దేరే మనిషి. పీట మీద కూర్చుని గోంగూర ఒలుచుకుంటుంటే ఇది వెళ్ళి ఆవిడ చీలమండకి తల రాస్తోంది. ఆవిడ చూడరు, పిలవరు, ఎప్పుడో ఒకసారి పని ఆపి వేళ్ళు కిందకి వదిలేస్తారు, అది గడ్డం ఆనిస్తుంది, రెండుసార్లు గోకి మళ్ళీ గోంగూర. నాలుగు నెలలు చికెన్ ఉడకబెట్టింది నేను!

మా ఆయన వెతికి ఒకటి చదివి వినిపించారు, 2021లో ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ వాళ్ళు నూట ఇరవై మందికి ఇదే నేర్పించి చూశారట. ముట్టుకోవాలా వద్దా అన్నది పిల్లికే వదిలెయ్యాలి, చెవులూ తోకా గమనిస్తూ ఉండాలి, చెవుల మొదళ్ళు, బుగ్గలు, గడ్డం కింద మాత్రమే తాకాలి అని. అలా చేసినప్పుడు రక్కడం, కరవడం తగ్గిందట. ఆ బుగ్గల్లో, గడ్డం కింద వాసన గ్రంథులు ఉంటాయి, అది మనకి రాసేది తన వాసన. అంటే అత్తయ్య చీలమండ ఎప్పుడో దాని ఆస్తి అయిపోయింది. ఇక గుర్రుమంటోంది కదా అని ధీమా పడకండి, నొప్పి ఉన్నప్పుడు కూడా గుర్రుమంటాయి.

అప్పట్నుంచి నేను మూడు లెక్కపెడుతున్నా. వేలు పెట్టడం, అది రాస్తే బుగ్గ మీద ఒకటి రెండు మూడు, ఆపెయ్యడం. తల నెట్టితే ఇంకో మూడు. పక్కకి చూసినా, ముక్కు నాక్కున్నా, తోక కొస కదిలినా చెయ్యి ఒళ్ళోకి. తేరిపార చూడటం మానేసి నెమ్మదిగా కళ్ళు మూసి తెరుస్తున్నా, రెండో వారానికి అదీ అలాగే మూసింది. ఇప్పుడు పై ఫ్లాట్ వాళ్ళ పిల్లలు నా దగ్గరికే నేర్చుకోడానికి వస్తున్నారు, కాస్త గర్వంగానే ఉంది.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. వరండాలో కూర్చుని దురద పుడుతున్న భుజం రుద్దుకుంటుంటే బూడిదమ్మ వచ్చింది. వేలు పెట్టాను, బుగ్గ రాసింది, మూడు లెక్కపెట్టి ఆపాను. ముందుకాలు ఎత్తి, గోళ్ళు లోపలికి ముడుచుకుని నా మణికట్టు మీద వేసింది, సరిగ్గా ఆ గీతల మీద. ఇంకో మూడు. ఇంకో మూడు. తొమ్మిదో దానికి లోపల గోంగూర కట్ట విప్పిన చప్పుడు వినపడింది, లేచి అత్తయ్య దగ్గరికి వెళ్ళిపోయింది.