ముక్కూ మొహం తెలియనివాళ్లతో వియత్నాం

విదేశీ టూర్ అంటే మా విజయవాడలో చుట్టాలో, కాలనీవాళ్లో కలిసి, వీలైతే వంటమనిషిని కూడా వెంటబెట్టుకుని వెళ్లడమే ఎక్కువ. నేను ఒక్కదాన్నే, రకరకాల దేశాలవాళ్లు కలిసే చిన్న గ్రూపులో చేరి హనోయి నుంచి హోచిమిన్ సిటీ దాకా వెళ్లొచ్చాను. బయల్దేరేదాకా అమ్మకి టెన్షనే, "తెలియనివాళ్లతో ఎట్లా ఉంటావే?" అని.

గది ఇంకో ఆడమనిషితో పంచుకోవాలి, వద్దంటే అదనంగా కట్టాలి. నేను పంచుకున్నాను. కెనడా నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్, మా కందిపొడి అన్నంలో కలుపుకుని మళ్లీ అడిగి మరీ తిన్నారు.

అన్నిటికంటే నాకు మధ్య వియత్నాంలో 'మీ సన్' అనే చోట ఉన్న పాత గుళ్లు నచ్చాయి. ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టించిన శివాలయాలు, ఎర్రటి ఇటుకవి, నాలుగో శతాబ్దం నుంచి మొదలైన చోటు. అక్కడ పానవట్టం చూపించి అభిషేకం నీళ్లు ఎటు పోతాయో చెబుతుంటే, గ్రూపంతా నా చుట్టూ చేరి ఒకటే ప్రశ్నలు. 1969లో అమెరికా బాంబులకు పెద్ద గుడి కూలిందని గైడ్ చెప్పినప్పుడు మాలోని అమెరికన్ దంపతులు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం వాళ్లే వచ్చి ఆ యుద్ధం గురించి మాట్లాడారు. మనవాళ్లతోనే వెళ్లుంటే ఆ మాటలు వినేదాన్ని కాదు.

శాకాహారులైతే గైడ్‌కి మొదటి రోజే గట్టిగా చెప్పండి, అక్కడ కూరగాయల వంటల్లోనూ చేపల సాస్ పడుతుంది.