బాపిరాజు గారి కోసం ఒక ఆదివారం

పొద్దున్న బెంగళూరు కబ్బన్ పార్కులో వెదురు పొదల పక్కన ఆరుగురం తెలుగువాళ్లం కూర్చున్నాం. అడివి బాపిరాజు గారి చారిత్రక నవలల గురించి మాట్లాడుకుందామని.

మొదటి మాట మారతహళ్లి నుంచి వచ్చిన కుర్రాడిది. "హిమబిందులో వర్ణనలు మరీ ఎక్కువండీ, నలభై పేజీలు దాటలేకపోయాను." నాకు చివుక్కుమంది. ఆయన చిత్రకారుడు కూడా కదా, శాతవాహనుల కాలాన్ని రంగులతోనే చూశాడు, చీర అంచు దగ్గర ఆగకుండా ఎలా ఉంటాడు? గబగబా చెప్పేశాను. గొంతు కాస్త పెరిగింది కూడా.

పక్కనున్న పెద్దావిడ మాత్రం ఏమీ అనలేదు. సంచిలోంచి 'గోన గన్నారెడ్డి' తీశారు. పాత క్యాలెండర్ కాగితంతో అట్ట, వెన్నుకి దారం కుట్లు. వాళ్ల నాన్నగారిదట. రుద్రమదేవి కనిపించే చోటల్లా మార్జిన్‌లో సన్నగా పెన్సిల్ గీత.

"ఇందులో ఎంత నిజం ఆంటీ?" అన్నాడు కుర్రాడు. రుద్రమ నిజం, శాసనాల్లో ఆమెకి రుద్రదేవ మహారాజు అన్న పేరుండటం నిజం, ఆమె మరణాన్ని చెప్పే 1289 నాటి చందుపట్ల శాసనం నిజం. గన్నారెడ్డి గజదొంగ వేషం, ప్రేమలు చాలావరకు రచయిత కల్పించినవి. ఆవిడ ఇదంతా నెమ్మదిగా చెప్పి, "నాకు మాత్రం రెండూ కావాలి నాయనా" అన్నారు.

ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి.

లేచేటప్పుడు కుర్రాడు ఆ పుస్తకం అడిగాడు. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, కుట్లు జాగ్రత్త అని చేతిలో పెట్టారు.