ధవళేశ్వరంలో బస్సు దిగి నడిస్తే

బ్యారేజీ మీదుగా కోనసీమ వెళ్లే బస్సుల్లో ధవళేశ్వరం అంటే కిటికీలోంచి కనబడే గేట్లే. గోదావరి రాగానే ఫోన్లు బయటికొస్తాయి, పిల్లలు గేట్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు, పెద్దవాళ్లు దండం పెట్టుకుంటారు. అవతలి ఒడ్డు చేరాక ఎవరి గోల వాళ్లది. బస్సు దిగి ఊళ్లోకి నడిచినవాళ్లు బహు తక్కువ.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. మా చేలకు నీళ్లు వచ్చేది ఇక్కడ మొదలయ్యే తూర్పు డెల్టా కాలువ నుంచే. ‘కాలువ వదిలారు’, ‘కాలువ కట్టేశారు’ అన్న మాటలు వింటూ పెరిగాను. వానాకాలం పంట సార్వాకి ఊడుపులు, రెండో పంట దాళ్వాకి నారుమళ్లు, ఎండాకాలంలో చెరువు నింపుకోవడం, అన్నీ ఆ మాటల్ని బట్టే. వదిలేది ఎక్కడో కాళ్లతో నడిచి చూడాలని ఈ శ్రావణంలో బయల్దేరాను. రాజమండ్రిలో నడవడానికి కంబాలచెరువు పార్కుంది, గోదావరి గట్టుంది, కానీ అక్కడ జనం కూడా నాలాగే నడవడానికి వచ్చినవాళ్లు. నాకు కావలసింది అది కాదు. కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి ధవళేశ్వరంలో దిగాను.

మా మావయ్య ఇరిగేషన్ డిపార్ట్‌మెంటులో పనిచేసి ఇక్కడే రిటైరయ్యాడు. ఇల్లు కూడా ఇక్కడే కట్టుకున్నాడు. "కాఫీ తర్వాత తాగుదువుగానిరా, ఎండెక్కితే నువ్వు నడవలేవు" అంటూ చెప్పులేసుకుని ముందుకు నడిచాడు.

మెయిన్ రోడ్డు వదిలి నాలుగడుగులు లోపలికి వేస్తే హారన్లు వినబడవు. నిద్రగన్నేరు చెట్ల కింద పాత ఆఫీసులు, క్వార్టర్లు, గోడల మీద నాచు, గేట్ల పక్కన కాగితం పూలు. కొన్ని పెంకుటిళ్లు ఇంకా అలాగే ఉన్నాయి, కొన్నింటి పక్కన మూడంతస్తుల డాబాలు లేచాయి. ముగ్గులు వేస్తున్న ఆడవాళ్లు మావయ్యని పలకరిస్తున్నారు. ఒకావిడ "ఎవరండీ, మీ మేనల్లుడా?" అని అడిగి, ఆయన జవాబు చెప్పేలోపే నన్ను "ఏం చేస్తుంటారండీ?" అంది. గోదావరి జిల్లాలో ఉదయం నడక ఒక్కరే చెయ్యడం కష్టం.

కొండ మీద జనార్దనస్వామి గుడి. గోదావరి ఒడ్డున ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో మొదటిది ఇదే, చివరిది కోటిపల్లి. మెట్లెక్కితే చల్లటి గాలి, కింద నది. దర్శనం అయ్యాక మావయ్య ఈ చుట్టుపక్కల కొండల గురించి చెప్పాడు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ఆనకట్టకి రాయి తవ్వింది ఈ ఊరి కొండల్లోనే. ఆ రాయిని మోయడానికి పట్టాలు వేసి బళ్లు నడిపారు. బొంబాయి నుంచి ఠాణాకి జనాన్ని ఎక్కించుకున్న రైలు బయల్దేరింది 1853లో. అంటే దానికంటే ముందే ధవళేశ్వరంలో రాళ్ల బళ్లు పట్టాలెక్కాయి. ఈ సంగతి ఊళ్లో పెద్ద బోర్డు మీద రాసి పెట్టాలి కదా అన్నాను. "బోర్డు పెడితే దాని మీద సినిమా పోస్టరు అంటిస్తార్రా" అన్నాడు.

ఆ ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరుతో ఉన్న మ్యూజియం ఆవరణ ఈ నడకలో నాకు బాగా నచ్చిన చోటు. లోపల నమూనాలు, ఫొటోలు చూడవలసినవే. కానీ నేను ఎక్కువసేపు గడిపింది బయట చెట్ల కిందే. ఆనకట్ట పనుల నాటి పాత యంత్రాలు పచ్చికలో నిలబెట్టి ఉన్నాయి. పళ్ల చక్రాలు, గొలుసులు, మనిషి ఎత్తు ఇనుప సామాను. ఇద్దరు పిల్లలు ఒకదాని మీదెక్కి బస్సు నడుపుతున్నారు. కాపలా మనిషి "దిగండమ్మా, ఆయ్, దిగండి" అంటున్నాడే గాని కుర్చీలోంచి లేవలేదు.

కాటన్ గురించి మా వైపు కొత్తగా చెప్పేదేముంది. గుర్రం మీద కూర్చున్న ఆయన విగ్రహం డెల్టాలో చాలా ఊళ్లలో ఉంది. మే 15న పుట్టినరోజుకి దండలు వేస్తారు. గోదావరి స్నానానికి సంకల్పం చెప్పేటప్పుడు ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే పంతుళ్లూ ఉన్నారు. ఆ భక్తి ఎందుకో తెలియాలంటే ఆనకట్టకి ముందు రోజులు తెలియాలి. 1832-33లో నందన కరువు, 1839లో కోరంగిని ముంచేసిన ఉప్పెన. ఇంత పెద్ద నది పక్కన పెట్టుకుని జనం తిండిలేక చచ్చిపోయారు. అయితే నాకు ఒక ఫిర్యాదుంది. కాటన్ దగ్గర పనిచేసిన వీణం వీరన్న పేరు ఎంతమందికి తెలుసు? వేలమంది కూలీలను కూడగట్టి పని నడిపించిన మనిషి ఆయన. గుర్రం ఎక్కించకపోయినా ఫరవాలేదు, స్కూలు పుస్తకంలో పేరన్నా ఉండాలి.

అక్కణ్ణుంచి బ్యారేజీ. ఇప్పుడు కనబడేది కాటన్ కట్టింది కాదు. పాత ఆనకట్ట బలహీనపడ్డాక 1970లలో మొదలుపెట్టి తర్వాతి దశాబ్దంలో పూర్తిచేసిన కొత్త కట్టడం, పేరు మాత్రం ఆయనదే. మొత్తం 175 గేట్లు, నాలుగు భాగాలు: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మధ్యలో లంకలు. ధవళేశ్వరం, ర్యాలి గేట్లు దాటిన నీళ్లు గౌతమి అవుతాయి, మద్దూరు, విజ్జేశ్వరం దాటినవి వశిష్ఠ. బస్సులో అయితే ఇదంతా ఒకటే వంతెనలా అనిపిస్తుంది. నడిస్తే పిచ్చుకలంక దగ్గర నేల తగిలి, ఇది ఒక నది కాదు, విడిపోతున్న నది అని కాళ్లకి తెలుస్తుంది.

ఎర్రనీళ్లు వచ్చేశాయి. పైన ఎక్కడో కురిసిన వానల మట్టంతా ఇక్కడికి దిగింది. గేట్ల కింద నురగ, హోరు, గాల్లో తుంపర. నీటిమట్టం చూపే అంకెల దగ్గర మావయ్య ఆగాడు. ఉద్యోగం పోయినా అలవాటు పోలేదు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. డెల్టాలో ఈ మూడు అంకెలు ఫోన్ నంబర్లకంటే బాగా గుర్తుంటాయి. ఆ రోజు మొదటి హెచ్చరికకి ఇంకా దూరంగానే ఉంది. 1986 ఆగస్టులో మూడో హెచ్చరిక ఎప్పుడో దాటిపోయి, లంకల్లో ఇళ్ల మీదకి నీళ్లెక్కాయి. మావయ్య ఆ రాత్రుల గురించి అడిగితే చెప్పడు. "డ్యూటీలో ఉన్నాం" అంటాడు, అంతే.

వెనక్కి వచ్చి తూర్పు కాలువ గట్టు పట్టుకున్నాం. ఒకపక్క అంత హోరు, ఇటు తిరిగితే నిండుగా, నింపాదిగా కదిలే నీళ్లు. లాకుల దగ్గర నిలబడితే పాత రవాణా ఎలా నడిచేదో అర్థమవుతుంది. నది మట్టం ఒకటి, కాలువ మట్టం ఇంకొకటి. పడవని రెండు తలుపుల మధ్య ఆపి, నీళ్లు నింపో తీసో అవతలి మట్టానికి తెచ్చి వదిలేవారు. మా నాయనమ్మ కాపురానికి వచ్చింది ఇలాంటి కాలువ మీద పడవలోనే. గట్టు మీద మనుషులు తాడు పట్టుకుని లాగేవారట. ఇప్పుడు ఆ గట్టు మీద ఉదయం నడిచేవాళ్లూ, స్కూలు సైకిళ్లూ. నీడ బాగుంది, ఓపిక ఉన్నవాళ్లు వేమగిరి మీదుగా కడియం నర్సరీల దాకా కాలువ వెంట వెళ్లొచ్చు. ఒక్క లోపం, గట్టు దిగువన అక్కడక్కడా చెత్త పోసేస్తున్నారు. ఈ నీళ్లే కింద ఊళ్లో తాగే చెరువులు నింపుతాయని పోసేవాళ్లకి తెలియక కాదు.

తల గేట్ల దగ్గర నిలబడి మా బాబాయికి ఫోన్ చేశాను. "బాబాయ్, నేను ధవళేశ్వరంలో ఉన్నాను. కాలువ నిండుగా పారుతోంది" అన్నాను గొప్పగా.

"అక్కడ పారకేం. మన శివారు చేలకి ఇంకా చుక్క రాలేదు. గేటు పక్కనే ఉన్నావుగా, మీ మావయ్యని కాస్త ఎత్తమను" అన్నాడు.

ఫోన్ స్పీకర్లో ఉంది. మావయ్య వినేశాడు. "మధ్యలో తూములు ఎవరు ఎత్తేసుకున్నారో ముందు వాళ్లని అడగమను" అని ఇంటి దారి పట్టాడు.