ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిదో తరగతిలో వంతెన: నా అనుభవం

సైన్సులో బలం, లెక్కల్లో విలోమానుపాతం అయిపోయాక ఈ పని పెట్టుకుంటాను. రెండు పీరియడ్లు చాలు, కానీ వెంటవెంటనే ఉండాలి. మర్నాటికి వాయిదా వేస్తే మడతలు నలిగిపోతాయి.

ముందు స్కేలు. ప్లాస్టిక్ స్కేలును రెండు పుస్తకాల దొంతుల మీద పడుకోబెట్టి నడుమ వేలితో నొక్కిస్తాను. తర్వాత అంచు మీద నిలబెట్టి నొక్కమంటాను. వెడల్పు 3 సెం.మీ., మందం 3 మి.మీ. అనుకుంటే వెడల్పు మందానికి పది రెట్లు. వంగకుండా ఆగే గుణం మాత్రం పది వర్గం, అంటే వంద రెట్లు పెరుగుతుంది. ప్లాస్టిక్ అంతే ఉంది, నిలబెట్టిన తీరే మారింది.

ఇక వంతెన. బెంచీల మధ్య ఖాళీ 20 సెం.మీ. ఒక్కటే కాగితం; గమ్, టేపు వాడకూడదు. మడతలు పొడవు వెంబడి రావాలి. కొందరు విసనకర్రలా అడ్డంగా మడుస్తారు. నేనేమీ అనను, బెంచీ మీద పెట్టగానే అదే జారి పడుతుంది.

రెండు మడతల మధ్య భాగమే పట్టీ. దాని వెడల్పు ఒక జట్టుకు 1, ఇంకో జట్టుకు 1.5, మరో జట్టుకు 3 సెం.మీ. కాగితం వెడల్పు 21 కాబట్టి పట్టీలు 21, 14, 7 వస్తాయి. విలోమానుపాతం చేతిలోనే కనబడుతుంది.

చాలామంది వదిలేసేది ఇక్కడే: మడిచిన కాగితాన్ని ఎంత వెడల్పుగా పరచాలో చెప్పరు. ఒకరు విప్పార్చి పెడతారు, ఒకరు దగ్గరగా నొక్కి పెడతారు, ఇక పోలికకు అర్థముండదు. బెంచీ మీద సుద్దముక్కతో 10.5 సెం.మీ. గుర్తు పెట్టిస్తాను. అప్పుడు 1 సెం.మీ. పట్టీ ఎత్తు 0.87, 3 సెం.మీ. పట్టీ ఎత్తు 2.6 (పైథాగరస్‌తో వాళ్లే తేలుస్తారు). ఎత్తు మూడు రెట్లయితే బిగువు, అంటే వంగకుండా ఆగే గుణం, తొమ్మిది రెట్లు కావాలి.

ఆ తొమ్మిది రెట్లు రావు. ఎందుకో తెలియాలంటే బెంచీ ఎత్తుకు వంగి, వంతెన కొసనుంచి చూడాలి. బరువు పెరిగేకొద్దీ మడతల కాళ్లు పక్కలకు జారి, ఎత్తు తగ్గిపోతుంటుంది. కాగితం చిరగదు. "కాగితానికి బలం చాలలేదు" అని రాసిన నోట్‌బుక్కులు వెనక్కిస్తాను.

బరువుకు 2018 లేదా అంతకుముందు ముద్రించిన పసుపురంగు ఐదు రూపాయల బిళ్లలు, ఒక్కోటి 6 గ్రాములు. పాత లావు తెల్ల బిళ్ల 9 గ్రాములు. కలిపితే లెక్క పోతుంది. నడుమ చిన్న అట్టముక్క, దాని మీద టీ కప్పు పెట్టి, బిళ్లలు ఒక్కొక్కటే మెల్లగా వేయాలి. పైనుంచి వదిలితే నాలుగైదు బిళ్లల ముందే కూలుతుంది. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి మెత్తబడుతుంది, అందుకే అందరికీ ఒకే కట్టలోంచి అప్పటికప్పుడు తీసివ్వాలి.

మోసిన బరువును వంతెన బరువుతో భాగిస్తారు. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) ఏ4 కాగితం 5 గ్రాములు. కప్పు, అట్ట బరువు పక్కన పెడితే, 40 బిళ్లలు మోస్తే 240 గ్రాములు, అంటే నిష్పత్తి 48.

మార్కులు రెండో వంతెనకే. కొత్త కాగితం, ఒక్కటే మార్పు, ఎందుకో ముందే రాయాలి. కాళ్లు జారడం చూసిన జట్టు ఏడు పట్టీల్లో ఒకటి పొడవునా చింపి, మిగిలిన ఆరింటికి నడుమ మొలతాడులా చుట్టి కొస లోపలికి దోపుతుంది. చుట్టుకొలత 23 సెం.మీ. దాకా వస్తుంది, పట్టీ పొడవు 29.7 కనుక దోపడానికి ఆరేడు సెంటీమీటర్లు మిగులుతుంది. వంతెన బరువు అదే 5 గ్రాములు.