పంపు తుపాకీ కోసం నాగపూర్ వెళ్లి

2022 ఖరీఫ్‌లో మా కంది చేను ఒక్క రాత్రిలో సగం నేలపాలయింది. అడవిపందులు తిన్నది కొంతే, తొక్కి పడేసిందే ఎక్కువ. మా పొలం మహారాష్ట్రలోని రాజురా తాలూకాలో, వర్ధా నదికి ఇవతల ఉంటుంది. 1956 దాకా ఇది ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే మాకు ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, కోపమొస్తే రెండూ. ఆ పొద్దున చేను చూసి నేను రెండింట్లోనూ తిట్టాను. తుపాకీ లైసెన్స్‌కి అర్జీ పెట్టాలని అప్పుడే అనుకున్నాను.

ఏ తుపాకీ కొనాలో మాత్రం మా బావ ముందే తేల్చేశాడు. టెక్సాస్‌లో స్థిరపడిన మనిషి. "బామ్మర్దీ, మొదటి తుపాకీ అంటే పంపు తుపాకే. రెమింగ్టన్ 870 కొను, లేదంటే మాస్‌బర్గ్ 500. వేటకూ అదే, గురి నేర్చుకోడానికీ అదే, జన్మంతా ఉంటుంది" అన్నాడు. ఆయన చెప్పింది అక్కడికి నిజమే. 870 వచ్చింది 1950లో, ఇప్పటికి కోటికి పైగా అమ్ముడైంది. ముందున్న కర్రని వెనక్కి లాగితే ఖాళీ కార్తూస్, అంటే పేలిన తూటా డొల్ల, బయటపడుతుంది, ముందుకి నెడితే కొత్తది గొట్టంలోకి ఎక్కుతుంది. లాగడం, నెట్టడం, అంతే. నెల రోజులు రాత్రిళ్లు అవే వీడియోలు చూశాను. మా ఆవిడ "పందులు పొలంలో ఉన్నాయి, ఫోన్లో కాదు" అంది.

లైసెన్స్ సంగతి పొడుగ్గా చెప్పను. సాత్‌బారా (పొలం పహాణీ), డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ భద్రత శిక్షణ సర్టిఫికెట్, పోలీసు విచారణ. ఒక ఫైలు ఒక బల్ల మీద నాలుగు నెలలు నిద్రపోయింది. మొత్తానికి పదమూడు నెలలు. చేతికొచ్చిన కాగితం మీద చెల్లుబాటు మహారాష్ట్ర వరకే అని ఉంది. మా పక్కన జివతి కొండల్లో పరందోళి, ముకదంగూడ లాంటి ఊళ్లున్నాయి. అక్కడి వాళ్లకి మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు రాష్ట్రాల్లోనూ ఓట్లు. తుపాకీకి అలాంటి అదృష్టం లేదు.

ఈలోగా బావ మాటలు ఒక్కొక్కటే ఊడిపోవడం మొదలైంది. ముందు 870 పోయింది. బయటి దేశం తుపాకీని మామూలు లైసెన్సుదారు దిగుమతి చేసుకోలేడు, పేరున్న షూటర్లకే ఆ వెసులుబాటు. మనకి మిగిలింది ప్రభుత్వ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల సరుకు, లేదా జమ్మూ, ముంగేర్ వైపు ప్రైవేటు వాళ్లు చేసేవి.

తర్వాత వేట పోయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఈ దేశంలో సరదా వేట లేదు. పంట పాడుచేసే పందిని కొట్టాలన్నా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి ఉండాలి, కొట్టాక కళేబరం ప్రభుత్వానిది. ఈ ముక్క మా చుట్టాలకి ఎంత చెప్పినా ఎక్కదు. లైసెన్స్ వచ్చిందని తెలిసిన రోజు నుంచి "మాంసం ఎప్పుడు పంపుతావ్" అని ఒకటే ఫోన్లు.

ఇక గురి మిగిలింది. బల్లార్షాలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, గచ్చిబౌలి వైపు రేంజ్‌లో తెలిసినాయన దగ్గర ఒక పూట గడిపాను. గురి కోసం గాల్లోకి విసిరే పళ్లెం వెడల్పు 110 మిల్లీమీటర్లు, అంటే మన అరచేతి కంటే కాస్త పెద్దది. కోచ్ చూస్తుండగా ఆయన తుపాకీతోనే పది పళ్లేలకి గురిపెట్టాను. రెండు పగిలాయి. ఒకటి తనంతట తనే పగిలిందేమోనని ఇప్పటికీ అనుమానం. పంపు కొంటున్నానని చెబితే కోచ్ నవ్వాడు. "పోటీలకి వస్తావా? ట్రాప్, స్కీట్ అనే ఈ పళ్లేల పోటీల అంతర్జాతీయ నిబంధనల్లో పంపు తుపాకీకి చోటు లేదు. మిగతావన్నీ ఒప్పుకుంటారు, అదొక్కటే ఒప్పుకోరు." అన్నిటికీ ఒకే తుపాకీ అన్న ఆశ అక్కడికి సగం చచ్చింది.

అయినా నాగపూర్ దుకాణానికి పంపు కోసమే వెళ్లాను. ఒకసారి మనసులో పడింది అంత తొందరగా పోదు. కౌంటర్ వెనక డెబ్బై దాటిన పెద్దమనిషి. పంపు అనగానే పొట్టి గొట్టం నల్ల తుపాకీ తీసి పెట్టాడు. గొట్టం 20 అంగుళాల కంటే తక్కువుంటే మన చట్టంలో అది నిషిద్ధం, ఇది సరిగ్గా ఆ హద్దు మీద ఉంది. ఏటీఎం దగ్గర గార్డు చేతిలో చూసే రకం. పొడుగు గొట్టం కావాలన్నాను. లోపలి నుంచి ఇంకోటి తెచ్చాడు. భుజానికి ఎత్తగానే ఆయన ఆపాడు.

"నువ్వు ఎడమచేతి వాటమా?"

అవునన్నాను.

"అయితే లాగి చూడు."

లాగాను. ఖాళీ కార్తూస్ బయటికొచ్చే కిటికీ కుడి పక్కన ఉంది, అంటే ఎడమ భుజానికి ఆనించుకునే నా ముఖం వైపు. సేఫ్టీ బొత్తం కూడా కుడిచేతి వేలికి అమరేలా ఉంది. మాస్‌బర్గ్‌కి సేఫ్టీ పైన, బొటనవేలి కింద ఉంటుందని, ఇథాకా 37 ఖాళీ కార్తూస్‌ని కిందికి వదులుతుందని వీడియోల్లో చూసిందంతా గుర్తొచ్చింది. ఏం లాభం, ఆ కౌంటర్ మీద అవి లేవు.

అప్పుడాయన దునాలీ తీశాడు. పక్కపక్కన రెండు గొట్టాలు, మధ్యలో విరిచి కార్తూసులు పెట్టే పాత రకం. మా తాత కాలం వస్తువని నేను పెద్దగా పట్టించుకోలేదు. ఆయన దాన్ని విరిచి వెలుతురుకి పట్టాడు. "పంపులో కార్తూసులుండే మ్యాగజైన్ లోపల ఏముందో పైకి కనబడదు. దీన్ని విరిస్తే ఖాళీయో కాదో గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుస్తుంది. ఇంట్లో పిల్లలున్నారా?" ఇద్దరున్నారు.

తర్వాత చోక్ గురించి చెప్పాడు. చోక్ అంటే గొట్టం కొస బిగుతు. దాన్ని బట్టి ఛర్రాలు, అంటే కార్తూస్‌లోని చిన్న గుండ్లు, ఎంత దగ్గరగా వెళ్తాయన్నది ఉంటుంది. 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయం గీస్తే, ఫుల్ చోక్‌తో దాదాపు 70 శాతం ఛర్రాలు అందులో పడతాయి, చోక్ లేని సిలిండర్ గొట్టంతో 40 శాతం. దునాలీలో ఒక గొట్టానిది ఒక బిగుతు, రెండోదానిది ఇంకోటి. దగ్గరికి ఒకటి, దూరానికి ఒకటి, ట్రిగ్గర్ మార్చినంత సులువు. నాకు చూపిన పంపుకి ఉన్నది ఒకటే, అది కూడా బిగించేసిందే.

పంపులో నాలుగైదు కార్తూసులు పడతాయి కదా అన్నాను, ఆఖరి ఆశగా. "రెండిటితో తగలని పంది మూడోదాని కోసం నిలబడుతుందా?" అన్నాడు. అమ్మకం మాటే, కానీ నా దగ్గర జవాబు లేదు.

కొలత మాత్రం ఆయన చెప్పినా నమ్మకుండా నేనే చూసుకున్నాను. తుపాకీ వెనక కొసని (బట్) మోచేతి మడతలో ఆనించి చేయి చాపితే చూపుడువేలు ట్రిగ్గర్‌ని హాయిగా అందుకోవాలి. అందుకుంది. కార్తూస్ కూర్చునే అర, అంటే చాంబర్, 70 మిల్లీమీటర్లదని గొట్టం మీద ముద్ర చూసి నిర్ధారించుకున్నాను. పాత తుపాకులు కొన్నిటికి 65 ఉంటుంది, వాటిలో పొడుగు కార్తూస్ పేలిస్తే ప్రమాదం. వాడినది కొనేవాళ్లు ఇదొక్కటైనా మర్చిపోవద్దు. 2024 జనవరిలో దునాలీతో ఇంటికొచ్చాను. బావకి ఫొటో పంపితే "మ్యూజియంలో కొన్నావా" అన్నాడు.

మార్చిలో లోక్‌సభ ఎన్నికల కోడ్ వచ్చింది. ఆయుధాలు స్టేషన్లో జమ చేయమన్నారు, చేశాను. జూన్‌లో తిరిగొచ్చింది. వానాకాలమంతా అటవీ ఆఫీసు చుట్టూ తిరిగి పందుల అనుమతి సంపాదించాను. అక్టోబర్ 15న అసెంబ్లీ ఎన్నికలు ప్రకటించారు, మళ్లీ జమ చేయమన్నారు. అప్పుడే కంది పూతకొచ్చింది. పందులూ వచ్చాయి. ఆ నెలంతా మంచె మీద నా దగ్గరున్నవి టార్చి లైటు, కొట్టడానికి ఒక నూనె డబ్బా, జేబులో స్టేషన్ వాళ్లిచ్చిన రసీదు.