బంగారు ఆకుల లేసు స్టోల్: నా అల్లిక అనుభవం

టోల్కీన్ 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవలలోని లోత్‌లోరియన్ అడవిలో మల్లోర్న్ చెట్ల ఆకులు ఆకురాలు కాలంలో రాలవు. బంగారు రంగుకు తిరిగి, చలికాలమంతా కొమ్మల్నే పట్టుకుని ఉంటాయి. వసంతంలో కొత్త చిగురు వేశాకే రాలి నేలను కప్పుతాయి. నా స్టోల్‌కి మూలం ఆ ఒక్క సంగతే. భుజాల మీంచి జారే రెండు కొంగుల్లోనూ ఆకుల మొనలు నేలవైపే చూడాలి.

అల్లే క్రమాన్ని మొత్తం ఇదే నిర్ణయించింది. నేను గీసిన ఆకు మొన అల్లిక సాగే దిశలోనే తేలుతుంది. ఒక చివర నుంచి రెండో చివరికి అల్లితే ఒక కొంగులో ఆకులు రాలతాయి, రెండో కొంగులో పైకి లేస్తాయి. అందుకని నడుమ మొదలుపెట్టి బయటికి అల్లాను. వేరే రంగు నూలు దారంతో క్రోషే గొలుసు వేసి, దాని మీద 91 కుట్లు ఎత్తాను. ఒక సగం పూర్తయ్యాక, రెండో సగాన్ని అటువైపు అల్లడానికి ఆ గొలుసు విప్పితే దొరికేవి 90 కుట్లే. తొంభై ఒకటోది అంచు ఉచ్చు నుంచి తీసుకోవాలి. అక్కడ డిజైను అరకుట్టు పక్కకు జరుగుతుంది. ఆకులకు ముందు ఒక సాదా వరుస వేస్తే అది కంటికి ఆనదు.

91 లెక్క ఇలా వచ్చింది: ఆకుకు 12 కుట్లు, అలాంటివి ఏడు, సమతూకానికి ఒకటి, రెండు అంచుల్లో మూడేసి. ఆకు మొదటి వరుస: ఒక నిట్ (సాదా కుట్టు), యార్న్ ఓవర్ (సూది మీద దారం చుట్టి, రంధ్రంతో కొత్త కుట్టు వేయడం), నాలుగు నిట్, మూడింటిని ఒకటి చేసే నడిమి తగ్గింపు, నాలుగు నిట్, యార్న్ ఓవర్. ప్రతి ముందువైపు వరుసలో యార్న్ ఓవర్లు ఒక్కో కుట్టు లోపలికి జరుగుతాయి. ఐదోసారికి అవి తగ్గింపును తాకుతాయి, ఆకు మొన మూసుకుంటుంది. వెనకవైపు వరుసలన్నీ పర్ల్ (తిరగేసిన కుట్టు), అంచు కుట్లు మాత్రం నిట్. పది వరుసల తర్వాత ఆకులు సగం పక్కకు జరిగి మరో పది వరుసలు. మొత్తం 20 వరుసలకు ఒక ఆవృత్తి.

ఎక్కువగా చిక్కు పడేది ఆ జరిగిన పది వరుసల్లోనే. అక్కడ నడిమి తగ్గింపు మార్కర్‌కు (ఆకుల లెక్క గుర్తుకు సూది మీద పెట్టే రింగు) అటూ ఇటూ ఉన్న కుట్లను తీసుకుంటుంది. మార్కర్‌ను కదపకపోతే లెక్క ఒక కుట్టు తప్పి, తప్పు ఎక్కడ మొదలైందో తెలియకుండానే వరుసంతా పాకుతుంది. విప్పి తీసే రకం మార్కర్లే వాడాలి. రెండు అంచుల్లో సగం ఆకే పడుతుంది కాబట్టి ఒక్క తగ్గింపుకు ఒక్క యార్న్ ఓవర్. అక్కడ అలవాటుగా రెండు తగ్గిస్తే కుట్లు కరిగిపోతాయి.

యార్న్ ఓవర్ మరిచిపోతే భయం లేదు: తర్వాతి వరుసలో రెండు కుట్ల నడుమ పోగును ఎత్తితే చాలు. తగ్గింపు జారితే మాత్రం లైఫ్‌లైనే దిక్కు, అంటే విప్పినా కుట్లు జారకుండా అడ్డుగా ఉంచే దారం. ప్రతి 20 వరుసలకు సన్నని నున్నటి దారం కుట్లన్నిట్లోంచి పోనిచ్చాను. అది మార్కర్లలోంచి పోకూడదు.

దారం: 70 శాతం మెరినో ఊలు, 30 శాతం పట్టు, 100 గ్రాములకు 800 మీటర్లు. పట్టు జారుతుంది, అందుకే 3.75 మి.మీ. వెదురు సూదులు. మన దుకాణాల్లో తేలిగ్గా దొరికే అక్రిలిక్ ఊలు దీనికి పనికిరాదు. తడిపి సాగదీసినా ఆరాక ముడుచుకుంటుంది. వేడి ఆవిరి పడితే సాగినా వాలిపోయి ప్రాణం పోతుంది.

స్వాచ్‌ను (కొలత కోసం ముందుగా అల్లే నమూనా ముక్క) తడిపి పిన్నులతో ఆరబెట్టాకే కొలవాలి. అల్లినప్పుడు 10 సెం.మీ.కు 24 కుట్లున్నది ఆరాక 20కి వచ్చింది, వరుసలు 28. ఒక్కో సగానికి పన్నెండు ఆవృత్తులు, చివర 4 గార్టర్ వరుసలు (రెండు వైపులా నిట్). అంచు ఇంతకంటే వెడల్పయితే ఆకులు తెచ్చే అలలు చదునవుతాయి. చివరి రెండు ఆవృత్తుల్లో ఆకు మొనలకు వెండి పూసలు ఎక్కించాను, మల్లోర్న్ చెట్టు బెరడు రంగు అది. రెండు కొంగులకు 52 పూసలు పట్టాయి.

ముగింపు కుట్లు బిగిస్తే కొంగు ముడుచుకుంటుంది. 4.5 మి.మీ. సూదితో రెండు కుట్లు కలిపి అల్లి, వచ్చినదాన్ని ఎడమ సూదికి తిరిగి ఇస్తూ వదులుగా ముగించాను.

అరగంట గోరువెచ్చని నీటిలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమాను. పొడవాటి అంచుల్లోకి బ్లాకింగ్ తీగలు (తడి అల్లికను సాగదీసి నిలిపే సన్నని తీగలు), కొంగు అలలకు తుప్పు పట్టని పిన్నులు. మర్నాటిదాకా కదపలేదు. వచ్చిన కొలత దాదాపు 45 సెం.మీ. వెడల్పు, 174 పొడవు. బరువు, పూసలు కాక, 78 గ్రాములు. దీన్ని హ్యాంగర్‌కు తగిలించకూడదు, తన బరువుకే సాగుతుంది. మడిచి దాచాలి, ప్రతి ఉతుకు తర్వాతా మళ్లీ పిన్నులు పెట్టాలి.