అద్దంలో నాన్నగారు

ఆధార్ వివరాలు సరిచేయించుకునే పని మీద వెళ్ళి కొత్త ఫొటో దిగి, 2013 నాటి పాత కార్డును దాని పక్కన పెట్టి చూసుకున్నప్పుడు, రోజూ చూసుకునే ముఖమే ఇంతగా మారిందా అని కాసేపు అలాగే ఉండిపోయాను. (ఆ కెమెరాలో ఎవరూ అందంగా పడరన్నది వేరే సంగతి.) జుట్టు నెరవడం ముందే తెలిసినదే. నన్ను ఆపింది ముక్కు పక్క నుంచి నోటి చివరిదాకా దిగిన మడత; ఇప్పుడు గడ్డం గీసుకునేటప్పుడు ఎడమ చేత్తో బుగ్గను చెవి వైపు లాగి పట్టుకుంటే తప్ప అందులోని వెంట్రుకలు బ్లేడుకు అందడం లేదు. చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ తగ్గడం, బుగ్గల్లోని కొవ్వు పలచబడి కిందికి జారడం మాత్రమే కాదు, కంటి గూటి అంచున ఎముక కూడా వయసుతో అరిగి ఆ గూడు వెడల్పవుతుంది. అందుకే కాబోలు, నా కళ్ళు లోపలికి పోయినట్టున్నాయి.

నిన్న ఉదయం కళ్ళజోడు తీసి ముఖం కడుక్కుని తలెత్తేసరికి, ఆ మసక అద్దంలో, నూతి గట్టు దగ్గర భుజాన తువ్వాలుతో వేపపుల్ల నములుతూ నిలబడే మా నాన్నగారు కనిపించారు. ఫోనులో అమ్మతో ఈ మాట అంటే, "ఇప్పుడా తెలిసింది నీకు?" అని నవ్వింది. చిన్నప్పుడు నాది అచ్చం మేనమామ పోలికేనని ఊరంతా చెప్పుకున్నది ఆవిడే.